ఉప్పుబీడు గేటు

మా ఊరు హార్న్‌బెక్ చూడ్డానికి ఎవరు వచ్చినా డోరీన్ ఫాసెట్ వెనకాల నడవాల్సిందే. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోయింది. నెలలో మొదటి ఆదివారం పొద్దున చర్చి ప్రహరీ పక్కన బూట్లు బిగించుకుని జనం గుంపుగా నిలబడతారు. ఆవిడ వస్తుంది. తలమీద ఊలు టోపీ, చేతిలో కర్ర, వీపున సంచీ, సంచీలో టీ ఫ్లాస్కు, అల్లం కేకు. "అందరూ ఆ పని కానిచ్చుకునే వచ్చారా? ముందు ముందు ముళ్ళపొదలు తప్ప మరేం లేవు, ఇప్పుడే చెప్తున్నా" అంటుంది. పట్నం ఆడవాళ్ళు సిగ్గుపడతారు, వాళ్ళ మొగుళ్ళు నవ్వుతారు. నడక మొదలవుతుంది.

నా పేరు బెరిల్. ఆ గుంపుకి తోకని నేను. ముందు డోరీన్, చిట్టచివర నేను. మధ్యలో ఎవరు తప్పిపోయినా, ఎవరి కాలు బెణికినా నా పూచీ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ లోయలో బస్సు నడిపాను. వెనక కూర్చున్నవాళ్ళ మొహాలు అద్దంలో చూసి చూసి విసిగిపోయినదాన్ని, ఇప్పుడు వాళ్ళ వీపులు చూస్తూ నడుస్తున్నాను. నడకంటే నాకేం ఇష్టం లేదు, నా మోకాళ్ళకి అసలే లేదు. డోరీన్ ఉంది కాబట్టి వెళ్తాను, అంతే. అలాంటిది, ఈ ఏడాది వసంతం దగ్గర్నించీ మొదటి ఆదివారం దగ్గరపడుతోందంటే చాలు, నాకు బెంగ పట్టుకునేది.

చెప్పుకుంటే చిన్న చిన్న విషయాలే. కొండమీది రాతిబురుజు దగ్గర పశువుల దొంగల కథ చెప్పింది, అందరూ నవ్వారు. టీ తాగి లేచాక అదే కథ మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టింది. పాపం, మర్యాదస్తులు, మళ్ళీ నవ్వారు. ఇంకోసారి ఫ్లాస్కు వంచితే ఉత్త వేడినీళ్ళు వచ్చాయి, టీ వెయ్యడమే మర్చిపోయింది. తనే ముందు నవ్వేసి, "ఇవాళ అందరికీ పథ్యం" అంది. నన్ను రెండుసార్లు మా అక్క పేరుతో పిలిచింది. మా అక్క పోయి చాలాకాలమైంది.

"ఒకసారి డాక్టరుకి చూపించుకుందామే" అన్నాను.

"దేనికి? నీ నోటికి మందు రాయించడానికా?" అంది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

డోరీన్ పుట్టింది ఈ ఊరి అంచున, బెన్సన్ల పొలంలో పనివాళ్ళ ఇంట్లో. వాళ్ళ నాన్న బెన్సన్ల గొర్రెలు కాసేవాడు. క్వారీలో రాళ్ళు కొట్టే విల్ఫ్‌ని చేసుకుంది. పిల్లలు కలగలేదు. ఊరి బడిలో వంటపని దొరికింది, ఇక పిల్లలకేం కొదవ? ఈ ఊళ్ళో మీసాలు నెరిసిన మొగాళ్ళని అడగండి, డోరీన్ ఉడికించిన బంగాళాదుంపల ముద్ద గురించి ఇప్పటికీ చెప్తారు. పళ్ళెంలో క్యాబేజీ వదిలేస్తే మాత్రం ఊరుకునేది కాదు. పక్కన నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, అది లోపలికి పోయేదాకా కదిలేది కాదు. అంత పెంకె మనిషి.

విల్ఫ్ పోయిన ఏడాది అనుకుంటాను, నడకలు మొదలయ్యాయి. చర్చి చూడ్డానికి ఎక్కణ్ణుంచో ఒక గుంపు దిగింది. చూపించాల్సిన పాస్టరు నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. చర్చిలో పూలు సర్ది వెళ్తున్న డోరీన్‌ని పిలిచి, "కాస్త నువ్వే చూపించమ్మా" అన్నాడట కిటికీలోంచి. ఆవిడకి అది చాలు. చర్చి కింద ఊటబావి చూపించింది. పెళ్ళికాని పిల్లలు గుండుసూది వంచి అందులో వేసి కోరుకుంటారు, తను కూడా వేశానని, వేస్తే విల్ఫ్ వచ్చాడని, అందుకే జాగ్రత్తగా కోరుకోమని చెప్పింది. సున్నపురాతి పలకల మీదకి ఎక్కించి, పగుళ్ళలో దాక్కుని పెరిగే ఫెర్న్ మొక్కల్ని, వాళ్ళని బోర్లా పడుకోబెట్టి మరీ చూపించింది. బురుజు దాకా తీసుకెళ్ళింది. స్కాట్లాండ్ నుంచి దొంగలు పశువుల మీద పడ్డప్పుడు కింద ఆవులు, పైన మనుషులు దాక్కున్న బురుజు అది. "ఆ వాసన ఒక్కసారి ఊహించుకోండి" అందట. వాళ్ళు తిరిగి బస్సెక్కాల్సిన వేళకి ఒక్కరూ రాలేదు. ఆ బస్సు నాదే. హారన్ కొట్టీ కొట్టీ నా చెయ్యి పడిపోయింది. ఆ రోజు ఆవిణ్ణి నానా తిట్లూ తిట్టాను. అప్పట్నించే స్నేహితులం అయ్యాం.

ఇక గేటు సంగతి చెప్పాలి. ఊరికీ సముద్రానికీ మధ్య ఉప్పుబీడు ఉంది. పోటు వస్తే తడిసి, ఆటు వస్తే తేలే పచ్చిక అది. బెన్సన్ల గొర్రెలు అందులోనే మేస్తాయి. బీడుకీ మెరక పొలానికీ మధ్య పొడుగాటి మట్టికట్ట, దానిమీద రాతిగోడ, ఆ గోడలో ఒకే ఒక్క గేటు. మామూలు రోజుల్లో అది మూసే ఉంటుంది. లేకపోతే గొర్రెలు పైకొచ్చి, చలికాలం మేత కోసం పెంచుకున్న గడ్డంతా కొరికేస్తాయి. పున్నమికో అమావాస్యకో పెద్దపోటు వచ్చినప్పుడు మాత్రం నీళ్ళు బీడంతా కమ్మేస్తాయి. అలాంటి రోజు తెల్లవారుతూనే లెన్ బెన్సన్ వచ్చి గేటు బార్లా తెరిచి పోతాడు. కాళ్ళకి నీళ్ళు తగలగానే ముసలి గొర్రెలు ముందు కదులుతాయి, మిగతావి వాటి వెనక. తోలేవాళ్ళు అక్కర్లేదు. గేటు తెరిచి ఉంటే చాలు.

అందుకే మా దగ్గర మాటలు రాని పిల్లలకి కూడా ముందు నేర్పేది ఇదే. గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలెయ్యాలి. మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి.

నేనూ డోరీనూ బడికి వెళ్ళే రోజుల్లో ఒక పెద్దపోటు రోజున ఎవరో ఆ గేటు మూసేశారు. వాళ్ళేం దుర్మార్గులు కాదు. సెలవులకొచ్చిన పట్నం కుటుంబం, మంచి మర్యాదస్తులు. తెరిచి ఉన్న గేటు చూసి, పాపం ఎవరో రైతు మర్చిపోయాడనుకున్నారు. మూసి, గొళ్ళెం పడిందో లేదో లాగి చూసుకుని మరీ వెళ్ళారట. గొర్రెలన్నీ గోడ దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. నీళ్ళు దిగాక డోరీన్ వాళ్ళ నాన్న వాటిని ఒక్కొక్కటే బండిలోకి ఎత్తాడు. ఎత్తుతూ ఏడ్చాడు. మొగవాడు ఏడవగలడని డోరీన్‌కి తెలిసింది ఆ రోజే.

సరే, ఈ సెప్టెంబరు మొదటి ఆదివారానికి వస్తాను. ఆ రోజు పెద్దపోటు. అందుకని బీడువైపు వెళ్ళకుండా, పైదారిన బురుజుకి వెళ్ళి రావాలని ముందే అనుకున్నాం. డోరీన్‌కి ఒక అలవాటుంది. నడక రోజు పొద్దున్నే లేచి ఒక్కతే చుట్టుపక్కల దారులన్నీ ఓసారి తిరిగి వస్తుంది. ఎక్కడ చెట్టు పడింది, ఎక్కడ బురద లోతుగా ఉంది, ఏ పొలంలో ఎద్దుని వదిలారు, అన్నీ చూసుకుంటే గానీ ఎవరినీ వెంటబెట్టుకుని బయల్దేరదు. ఆ పొద్దున కూడా వెళ్ళొచ్చింది.

గుంపులో ఎప్పుడూ వచ్చేవాళ్ళే ఎక్కువ. నైజెల్ ఉన్నాడు. బర్మింగ్‌హామ్‌లో ఇంజనీరుగా చేసి, రిటైరయ్యాక మా ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాడు. ఎక్కడికెళ్ళినా ఎత్తూ దూరం కొలిచే పరికరం ఒకటి మెడలో వేసుకుంటాడు. నడకలకి ఇంకొకరు కూడా బాధ్యత తీసుకోవాలని, డోరీన్ గారి వయసు కూడా చూడాలని ఊరి మీటింగులో అన్నది ఇతనే. ఆ రోజు డోరీన్ ఇంటికొచ్చి కెటిల్ మూత విసిరికొట్టింది. గెమ్మా కూడా వచ్చింది. మా ఊరి పిల్లే, డోరీన్ వండిపెట్టగా పెరిగిన పిల్ల. ఇప్పుడు దానికో కూతురు, ఐవీ అని, పాలపళ్ళు ఊడుతున్న వయసు. పోయిన నెల ఆటు వేళ చూసుకుని డోరీన్ సన్యాసుల బండ దాకా పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఐవీ కూడా వెళ్ళింది. అఖాతం మధ్య ఇసుకలో ఉంటుంది ఆ బండ. వెనకటి సన్యాసులు కట్టుకున్న చిన్న గుడి గోడ ఒకటి దానిమీద మిగిలింది. పోటు తిరిగేలోపు ఒడ్డుకి చేరకపోతే చుట్టూ నీళ్ళే. ఆ రోజు గెమ్మాకి ఒంట్లో బాగాలేదు. "డోరీన్ ఉందిగా, ఇంకేం" అని పిల్లని పంపేసింది. నేనూ మోకాలి వాపుతో ఇంట్లో ఉండిపోయాను.

బురుజు దగ్గరికి చేరాం. గాలి లేదు, ఎండ బాగుంది. జనం గోడవారన కూర్చుని సాండ్‌విచ్‌లు విప్పారు. డోరీన్ బురుజు కథ చెబుతోంది. ఆవులు లోపలికొచ్చాయి, మనుషులు నిచ్చెన ఎక్కారు, దొంగలు వాకిలి దగ్గరికి వచ్చారు. అక్కడ ఆగింది. కింద కనిపిస్తున్న అఖాతం వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"తర్వాత?" అంది ఐవీ.

డోరీన్ మొహంలో రక్తం లేదు. నేను లేచి దగ్గరికి వెళ్ళాను.

"ఏమే, ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?"

"గేటు మూసేశాను" అంది, నాకు మాత్రమే వినబడేలా.

"ఏ గేటు?"

"బీడు గేటే. పొద్దున వెళ్ళినప్పుడు తెరిచి ఉంది. మూసేశాను. గొళ్ళెం పడ్డ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది."

"ఛ, ఊరుకో. నువ్వెందుకు మూస్తావే? ఈ ఊళ్ళో అందరూ మూసినా నువ్వు మూయవు."

"అదే చెప్తున్నా, వినవేం? ఎందుకు మూశానో నాకూ తెలీదు. చెయ్యి మూసేసింది. పోటు సంగతి అప్పుడు నా బుర్రలోనే లేదు."

నేనూ కిందికి చూశాను. సన్యాసుల బండ అవతల ఇసుక మీద సన్నగా ఒక మెరుపు గీత కనిపించింది. అది పోటు. చూస్తూండగానే వచ్చేస్తుంది, మా దగ్గర పోటు అలాంటిదే. ఇవతల బీడు నిండా తెల్లగా గొర్రెలు, తలవంచుకుని మేస్తున్నాయి. అంత దూరంనుంచి గేటు కనబడదు.

ఫోను తీశాను. బురుజు దగ్గర సిగ్నల్ రాదని తెలిసీ తీశాను. నైజెల్ మా ఇద్దర్నీ చూస్తూనే ఉన్నాడు, లేచి వచ్చాడు.

"ఏమైనా ఇబ్బందా, డోరీన్ గారూ?"

"ఏం లేదు నైజెల్. నా కర్ర ఎక్కడో వదిలేసి వచ్చాను. వెళ్ళి తెచ్చుకుంటాను."

కర్ర ఆవిడ చేతిలోనే ఉంది. నైజెల్ కర్రని చూశాడు, నన్ను చూశాడు. మనిషి చాదస్తుడే గానీ చెడ్డవాడు కాదు, ఒక్క మాట అనలేదు.

"నైజెల్, మేం వచ్చేదాకా వీళ్ళని ఇక్కణ్ణుంచి కదలనివ్వకు" అన్నాను. "బురుజు గురించి ఏదో ఒకటి చెబుతూ ఉండు."

"నాకు కథలు రావండీ."

"కొలతలు వచ్చుగా, అవే చెప్పు" అని డోరీన్ చెయ్యి పట్టుకుని లాగాను.

యూ అనే చెట్ల అడవిలోంచి దగ్గరదారి ఉంది. నిటారుగా, రాళ్ళూ వేళ్ళూ కలిసి, ఎండలో కూడా జారే దారి. నా వయసువాళ్ళు దిగాల్సింది కాదు. డోరీన్ మాత్రం మేకపిల్లలా దిగిపోతోంది. అడవిలోకి దిగాక సముద్రం కనబడడం మానేసింది. అది ఇంకా భయం వేసింది. కనబడుతున్నంతసేపూ ఎంత దగ్గరికొచ్చిందో తెలుస్తుంది కదా. అక్కడ కాకుల అరుపులూ మా ఆయాసమూ తప్ప ఏమీ వినబడలేదు.

సగం దిగాక ఫోనుకి సిగ్నల్ దొరికింది. లెన్ వాళ్ళింటికి చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. లెన్ భార్య ఆదివారం పూట చర్చిలో పాడుతుంది. లెన్ సెల్లు వాడడు, జేబులో బరువట.

"ఎత్తలేదా?"

"లేదు. ఇంకోసారి చేస్తాను. నువ్వు కాస్త మెల్లగా దిగు తల్లీ, పడ్డావంటే ఎత్తుకుని మోసే ఓపిక నాకు లేదు."

"వాటికి నీళ్ళంటే భయం బెరిల్. గోడ దాకా వచ్చి అరుస్తాయి. గేటు తెరిచి ఉంటుందని నమ్మి వస్తాయి, అలవాటు కదా." ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుంది. "నాన్న చేతులే గుర్తొస్తున్నాయి. ఆ రోజు వాటి ఊలు అంటుకుని..."

"చాల్లే, నడు."

"నైజెల్‌కి చెప్పకే. నీకు దణ్ణం పెడతా. ఇది అతనికి తెలిస్తే ఇక నన్ను ఇంట్లో కూర్చోబెట్టేస్తారు. కుర్చీలో, కాళ్ళమీద దుప్పటి కప్పి."

"చెప్పను. ముందు నడు."

"కచ్చితంగా మూశాను. నాకు బాగా గుర్తుంది."

ఆ మాట పదే పదే అంటూనే ఉంది. ఆవిడకి గుర్తున్నది నిజమైతే గొర్రెలు చస్తాయి. నిజం కాకపోతే, జరగనిది జరిగినట్టు గొళ్ళెం చప్పుడుతో సహా ఆవిడ బుర్రలో ఉందన్నమాట. రెండిట్లో ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు. దేవుడా, గొర్రెలు బతకాలి, డోరీనూ బాగుండాలి అనుకున్నాను. రెండూ ఎలా కుదురుతాయో ఆయనే చూసుకోవాలి.

అడవి దాటి బాట మీదకి రాగానే నీళ్ళ చప్పుడు వినబడింది. దానితోపాటు గొర్రెల అరుపులు. డోరీన్ పరుగెత్తింది. డెబ్భై దాటిన మనిషి, ఆ బూట్లతో, టోపీ ఎగిరి పడిపోయినా ఆగకుండా పరుగెత్తింది. నేను టోపీ ఏరుకుని, గుండె పట్టుకుని, ఆవిడ వెనక పడ్డాను.

గేటు బార్లా తెరిచి ఉంది.

గొర్రెలు మెరక పొలంలో ఉన్నాయి. చివరి నాలుగైదు ఇంకా గేటులోంచి వస్తూ, తడిసిన కాళ్ళు దులుపుకుంటూ అరుస్తున్నాయి. గోడ అవతల నీళ్ళు బీడు సగం దాకా పాకాయి. లెన్ బెన్సన్ తన నాలుగు చక్రాల బండిమీద కూర్చుని పైపు వెలిగించుకుంటున్నాడు. పక్కన కుక్క నాలుక చాపి పడుకుంది. నేను కట్టమీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఏంటమ్మా ఇద్దరూ పరుగు పందెమా?" అన్నాడు లెన్. "టీ ఏమైనా తెచ్చారా?"

"గేటు..." డోరీన్ గోడ పట్టుకుని నిలబడింది. "గేటు నేను మూసేశాననుకున్నా లెన్. పొద్దున. మూశాననే అనుకున్నా."

"మూశావులే. నేను తెరిచాగా, ఎప్పట్లాగే."

నేను ఆ మాట పట్టించుకోనేలేదు. గొర్రెలు బతికాయి, గేటు మూయడం నిజమే, అంటే డోరీన్ జ్ఞాపకం సరిగానే ఉందన్నమాట. ఇందాక అడవిలో అడిగిన రెండూ దొరికినట్టే అని సంతోషపడుతున్నాను. డోరీన్ మాత్రం గోడ వదిలి లెన్ దగ్గరికి నడిచింది.

"ఎప్పట్లాగే అంటే?"

లెన్ పైపు నోట్లోంచి తీశాడు. తప్పు మాట జారిందని అప్పుడు తెలిసినట్టుంది. "ఏదో మాటవరసకి అన్నా."

"లెన్ బెన్సన్, నీకు అన్నం పెట్టినదాన్ని నేను. నా మొహం చూసి చెప్పు. ఎప్పట్లాగే అంటే?"

లెన్ చూడలేదు. కుక్క మెడ నిమురుతూ చెప్పాడు. "చలికాలం నుంచీ. నీ నడక పెద్దపోటు రోజున పడ్డప్పుడల్లా నేను తెరిచి వెళ్ళడం, నువ్వు పొద్దున్నే వచ్చి మూసి వెళ్ళడం. మొదటిసారి ఇంకెవరో అనుకున్నా. తర్వాత చూశా. అప్పట్నించి నువ్వు వెళ్ళేదాకా ఆ పాకలో కూర్చుని, వెళ్ళాక వచ్చి తెరుస్తున్నా. పెద్ద పనేం కాదులే డోరీన్. నా గొర్రెలకేం కాలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. మా ఆవిడకి తప్ప."

నేను డోరీన్ ఏడుస్తుందనుకున్నాను. పట్టుకుందామని కట్టమీంచి లేవబోయాను.

"ప్రతిసారీనా?" అంది.

"ఊఁ."

"ప్రతిసారీ మూశానా. నాకు ఇవాళ్టిది ఒక్కటే గుర్తుంది." అంతలోనే లెన్ ముందుకి ఇంకో అడుగు వేసింది. "మరి నాకెందుకు చెప్పలేదురా?"

"ఎలా చెప్పమంటావు? నువ్వు బాధపడతావని..."

"బాధపడతానా? పోయిన నెల పిల్లల్ని వెంటబెట్టుకుని బండ దాకా వెళ్ళాను. నడి ఇసుకలోకి! నా బుర్ర ఇలా ఉందని అప్పటికే నీకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నావు!"

"ఊరికే కూర్చోలేదు" అన్నాడు లెన్. "మీరు వెళ్ళి వచ్చేదాకా ట్రాక్టరు ఇక్కడే పెట్టుకుని, మిమ్మల్నే చూస్తూ..."

"చూస్తూ కూర్చుంటే పోటు ఆగుతుందా? నీ ట్రాక్టరు ఆ ఊబి ఇసుకలో ఎంతదూరం వస్తుందో నీకు తెలీదా? నీ గొర్రెల వెనక కాపలా ఉన్నావు, సరే. నా వెనక నడిచే పిల్లలకి కాపలా ఎవర్రా?"

లెన్ చేసింది దయే, ఎవరు కాదంటారు? ఆ దయే ఆవిణ్ణి పిల్లలతో నడి సముద్రంలోకి పంపింది. నీళ్ళు అప్పటికి గోడ మొదట్లోకి వచ్చేశాయి. లెన్ బండి దిగి, టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. అరవై ఏళ్ళ మొగవాడు, క్యాబేజీ వదిలేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

డోరీన్ కాసేపటికి అతని భుజం మీద తట్టింది. "గొర్రెల్ని కాపాడావు. మా నాన్న ఉంటే సంతోషించేవాడు" అంది. నా చేతిలోంచి టోపీ తీసుకుని పెట్టుకుంది. "పద బెరిల్. వాళ్ళు అక్కడ ఎదురుచూస్తున్నారు."

తిరిగి ఎక్కేటప్పుడు దగ్గరదారి వద్దని బాటవెంటే తీసుకెళ్ళాను. దారంతా నేనే వాగాను. మందులున్నాయట, ఈ మధ్య బాగా పనిచేస్తున్నాయట, రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేను తోడొస్తాను, నైజెల్‌కి నేనేదో చెబుతాలే, కాలు నొప్పని చెబుదాం. ఆవిడ వింటోందో లేదో తెలియలేదు. ఒక మలుపు దగ్గర ఆగి, "ఏ అబద్ధమూ చెప్పకు" అంది. అంతే.

బురుజు దగ్గర జనం ఉన్నచోటే ఉన్నారు. నైజెల్ గోడ మందం గురించి చెబుతున్నాడు, ఇద్దరు వింటున్నారు, మిగతావాళ్ళు నిద్రపోతున్నారు. మమ్మల్ని చూసి లేచాడు.

"దొరికిందా?" అన్నాడు. కర్ర సంగతి. నవ్వకుండా అడిగాడు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

"నైజెల్, ఇక మీదట నువ్వు ముందు నడు" అంది డోరీన్. "ఇవాళ్టినుంచే. కిందికి కూడా నువ్వే దించు."

నైజెల్ ఇన్నాళ్ళూ అదే కావాలన్నాడు కదా, ఇప్పుడు చేతిలో పెడితే తీసుకోవడానికి మొహమాటపడిపోయాడు. "అదేంటండీ, మీరుండగా" అని ఏదో గొణిగాడు. ఆవిడ అతన్ని దాటి గెమ్మా దగ్గరికి వెళ్ళింది. గెమ్మా రాతిమీద కూర్చుని నారింజ వలుస్తోంది. ఐవీ కాస్త దూరంలో, గోడ అంచున, ఒంటికాలి మీద గెంతుతోంది.

"గెమ్మా, నీకో సంగతి చెప్పాలి" అంది డోరీన్, అందరికీ వినబడేలా. "నా తల పాడవుతోంది. చేసినది గుర్తుండడం లేదు. చలికాలం నుంచీ అంతేనట, నాకు ఇవాళే తెలిసింది. పోయిన నెల నీ కూతుర్ని నాతో బండ దాకా పంపావు. నన్ను నమ్మి పంపావు. ఆ రోజు పోటు ఎప్పుడు తిరుగుతుందో నేను సరిగ్గా చూశానో లేదో నాకు తెలీదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. క్షేమంగా వచ్చాం, అంతవరకే తెలుసు."

గెమ్మా మొదట నవ్వబోయింది, డోరీన్ హాస్యానికి అంటోందనుకున్నట్టుంది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఏం కాదు డోరీన్, ఏం కాలేదుగా" అంది. మంచి పిల్ల, నిజంగానే అంది. కానీ ఆ మాట అంటూనే లేచింది. ఒడిలోని నారింజ కింద పడింది. రెండంగల్లో గోడ అంచుకి వెళ్ళి ఐవీ మణికట్టు పట్టుకుని, తన వైపు లాక్కుని, రెండు చేతులతోనూ పొట్టకి అదుముకుంది. తను ఏం చేసిందో తర్వాత తెలిసింది దానికి. డోరీన్ చూసిందని కూడా తెలిసింది. మొహం ఎర్రబడిపోయి చేతులు వదులు చెయ్యబోయింది.

"వదలకు" అంది డోరీన్. "అలాగే పట్టుకో, తల్లీ."